మెత్తనేలలో ఇల్లు

అనగనగా ఒక అడవిలో చోటు కరువైంది.

చెట్లకు చోటుంది, పిట్టలకు చోటుంది. నేల కింద కాపురముండే వాళ్ళకే లేకుండా పోయింది. ఆ అడవి నడుమ పెద్దకోన అనే లోయలో ఏదుపందులు తొమ్మిది తరాలుగా ఒకే బొరియలో ఉంటున్నాయి. ఒక్కో తరం ఒక్కో గది తవ్వుకుంటూ పోయింది. తొమ్మిదో తరం వచ్చేసరికి తవ్వడానికి మట్టి మిగల్లేదు. ఒక పక్క బండ, ఒక పక్క మద్దిచెట్టు వేళ్ళు, మూడో పక్క పొరుగువాడి గోడ. నిద్రలో ఒకడు ఒత్తిగిలితే ఇంకొకడి వీపులో ముల్లు దిగేది. పొద్దువాలి మేతకు బయలుదేరే వేళ బొరియ నోటి దగ్గర తోపులాట, తిట్లు, పిల్లల ఏడుపులు.

ఆ బొరియలో చివరి గది శల్యకుడిది. అతని భార్య కుందనిక. కూతురు చిట్టి, దాని తరవాత బుడ్డోడు.

శల్యకుడు దేన్నీ ఊరికే నమ్మేవాడు కాడు. వాన వస్తుందని కప్ప చెప్పిందంటే, "ఏ కప్ప? కిందటిసారి అది చెప్పినప్పుడు వచ్చిందా?" అని అడిగేవాడు. పాత సంగతులంటే అతనికి ప్రాణం. పిల్లలూ, ఏదుపందులు పళ్ళు అరగదీసుకోవడానికీ ఒంటి సత్తువకూ ఎముకలు తెచ్చుకుని కొరుకుతాయి. అందుకే పెద్దకోన బొరియ ముందు తొమ్మిది తరాల ఎముకలు గుట్టగా పడి ఉండేవి. ఆ గుట్టను శల్యకుడు గ్రంథం చదివినట్టు చదివేవాడు. "ఇది కరువేడు నాటి దుప్పి కాలు. నీరసించి చచ్చింది, చూడండి ఎంత పలచగా ఉందో," అనేవాడు. కోనలో అతని మాటకు విలువుండేది. శల్యకుడు ఔనన్నాడంటే ఔననేవారు.

ఒక సాయంత్రం కుందనిక అతని ఎదుట కూర్చుంది.

"ఏమయ్యా, నిన్న మీ తమ్ముడి ముల్లు బుడ్డోడి కంటి పక్కన దిగింది. ఇంకొక్క వేలెడు ఇవతలకైతే కంట్లోనే దిగేది. నువ్వేమో చచ్చిన దుప్పికి జాతకం చెబుతూ కూర్చున్నావు."

"ఏం చెయ్యమంటావు? ఉన్నది ఇంత చోటే."

"ఇక్కడ లేకపోతే అంచున ఉంది. అందరూ అడవి అంచులకు పోయి ఇళ్ళు కట్టుకుంటున్నారు. మనకే చేతకాదా?"

శల్యకుడు ఆలోచనలో పడ్డాడు. కోనలో ఒక కట్టడి ఉంది. గది వదిలి వెళ్ళినవాడికి మళ్ళీ గది లేదు. ఆ పూటే అది తరవాతివాడి పాలవుతుంది. కనుక వెళితే ఒక్కసారే వెళ్ళాలి, వెళ్ళిన చోటు మంచిదై ఉండాలి.

ఈ మాట చెవిన పడగానే తమ్ముడు దబ్బనయ్య పరుగున వచ్చాడు.

"తొందరేం లేదన్నయ్యా, నిమ్మళంగా చూసుకో. ఈ మూల చెట్టువేరు ఒకటి అడ్డంగా ఉంది కదా, అది నువ్వే కొరికేసి పోతావా, నన్ను కొరుక్కోమంటావా?"

మరునాటి నుంచి శల్యకుడు ఇల్లు వెతకడానికి బయలుదేరాడు. నాన్న వెంట వస్తానని చిట్టి మారాం చేస్తే తీసుకుపోయాడు.

మొదట రాతిగుట్టకు వెళ్ళారు. ఎత్తైన బోడిగుట్ట అది. బండ నెరియలో నుంచి ఒక ముసలి ఉడుము తల బయటపెట్టింది.

"ఉడుము తాతా, ఇక్కడ నేల ఎలాంటిది?" అని అడిగాడు శల్యకుడు.

"కళ్ళున్నాయిగా. రాయి."

"గది తవ్వడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"నీ గోళ్ళు అరగడానికి ఒక ఏడాది. తరవాత నీ కొడుకు గోళ్ళు."

"మరి మీరు ఎలా ఉంటున్నారు?"

"ప్రాణాలతో ఉంటున్నాను."

చిట్టి కిసుక్కున నవ్వింది. గుట్ట కింద దూరంగా పచ్చగా ఒక పల్లపు మైదానం కనిపిస్తోంది. శల్యకుడు అటు చూపించాడు.

"ఆ మెత్తనేల ఎలాంటిది తాతా?"

"నేను అక్కణ్ణుంచే వచ్చాను."

"ఎందుకు వచ్చేశారు?"

ఉడుము చిట్టి వైపు చూసింది. "పసిదాని ముందు చెప్పేది కాదు. తెలుసుకోవాలనుంటే ఒక్కడివే రా. చెబుతాను," అని తల లోపలికి తీసుకుంది.

ఒంటరిగా మళ్ళీ రావాలనే శల్యకుడు అనుకున్నాడు. ఇంటికి వచ్చి చెబితే కుందనిక పెదవి విరిచింది. "ముసలాణ్ణి అక్కడ నిలవనిచ్చి ఉండరు. ఇల్లు దక్కనివాడు ఊరి మీద పడి ఏడుస్తాడు." శల్యకుడికీ అదే సబబనిపించింది. నష్టపోయినవాడి సాక్ష్యంలో కడుపుమంట కలుస్తుంది, దాన్ని తూచి గాని తీసుకోకూడదు, అనుకున్నాడు. ఆ తరవాత తూచడం మరిచిపోయాడు.

రెండోది చెరకుతోట అంచు. మనుషుల పొలానికి ఆనుకుని ఉంది. కమ్మటి చెరకు, పక్కనే కాలవ. అక్కడ కుంటుతూ ఒక ఏదుపంది ఎదురొచ్చింది.

"రా బావా, రా! ఇంత తియ్యటి తిండి నీ కోనలో పుట్టి ఉండదు."

"నీ ముందు కాలేమైంది?"

"ఉచ్చులో పోయింది. అయితే ఏం? మూడు కాళ్ళతో చెరకు తినలేమా?"

శల్యకుడు కూతురి చెయ్యి పట్టుకుని అక్కడి నుంచే వెనక్కి తిరిగాడు.

మూడోది మెత్తనేల. పొలిమేరలోనే గోరింక పలుకులయ్య ఎదురుగా వచ్చి వాలాడు. అంచుల్లో ఇళ్ళు చూపించడం అతని పని. అందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాడు. కొత్త బొరియ తవ్విన చోటల్లా పురుగులు పైకి తేలతాయి, అవి గోరింకలకు విందు. ఎన్ని ఇళ్ళు లేస్తే అన్ని పురుగులు. నేల కింది ఇళ్ళ గుణం చెప్పే పలుకులయ్య మాత్రం చింతకొమ్మ మీద కాపురముండేవాడు.

"రండి రండి, శల్యకులవారూ! తమరి వంటి పరీక్షకులు వస్తారనే ఎదురుచూస్తున్నాను. అడగండి, ఏదైనా అడగండి."

"నక్కలున్నాయా?"

"ఒక్కటి ఉంటే నా రెక్కలు కోయించుకుంటాను."

శల్యకుడు మైదానమంతా తిరిగి వాసన చూశాడు. నక్క వాసన లేదు.

"ఉచ్చులు?"

"మనిషి జాడకు ఇది పొద్దస్తమానం నడిచేంత దూరం."

శల్యకుడు పొదలన్నీ గాలించాడు. తీగముక్క దొరకలేదు.

"వరద?"

"వాగు ఎక్కడుందో చూడండి! ఆ కరకట్టకు అవతల. తమరే స్వయంగా వెళ్ళి రండి."

శల్యకుడు వెళ్ళాడు. వాగు నిజంగానే కరకట్టకు అవతల ఉంది. నీరు చిట్టి మోకాళ్ళ దాకా కూడా రాలేదు. కట్ట ఎత్తును కంటితో కొలుచుకుని తృప్తిగా వెనక్కి వచ్చాడు.

తరవాత ఆ ఊరివాళ్ళను విచారించాడు. పందికొక్కు గాదెన్న, "మాకు ఆరు వానలైంది. హాయిగా ఉంది తమ్ముడూ," అన్నాడు. పక్కింటి పందికొక్కు ఐదు వానలంది. ఆ పక్క ముంగిస నాలుగంది. ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు, "రా, వచ్చి పక్కన ఉండు," అన్నారు.

"ఆరు వానలకు ముందు ఇక్కడ ఎవరుండేవారు?" అన్నాడు శల్యకుడు.

గాదెన్న మీసాలు తుడుచుకున్నాడు. పలుకులయ్య అందుకున్నాడు. "ఎవరుంటారండీ? గడ్డి ఉండేది."

మరునాడు కుందనికను కూడా తీసుకొచ్చాడు. వాళ్ళ ఆచారం ప్రకారం కొత్తచోట ఇంటి ఇల్లాలు మొదటి గుంట తవ్వి చూడాలి. కుందనిక గోరు పెట్టింది. నేల వెన్నలా విడిపోయింది. రెండు బారలు దిగేసరికి లోపలి నుంచి అరిచింది.

"ఎముక! ఏమయ్యా, ఎముక! ఇదిగో ఇంకొకటి! అబ్బో, ఇక్కడంతా ఎముకలే!"

పలుకులయ్య రెక్కలు కొట్టాడు. "చూశారా అమ్మా! ఎముకల కోసం తమరు అడవులు పట్టి తిరగనక్కరలేదు. ఉన్నచోటే తవ్వుకుని కొరుక్కోవచ్చు. ఈ వసతి ఇంకే ఊళ్ళో ఉందో చెప్పండి!"

కుందనిక ఒక ముక్క భర్త నోటికి అందించింది. పాతదే అయినా గట్టిగా, రుచిగా ఉంది. ఇది ఎవరి ఎముక అనే ప్రశ్న శల్యకుడి నాలుక చివరికి వచ్చింది. కాని అప్పటికే నాలుక మీద ఎముక ఉంది. ఎదురుగా చిట్టి చప్పట్లు కొడుతోంది. ప్రతి మంచికీ వంక వెతికే తన గుణం తనకే విసుగనిపించింది. ఆ ఒక్క ప్రశ్నా మింగేశాడు.

ఆ పూటే పెద్దకోనలో గది దబ్బనయ్య పాలైంది.

నెల రోజులు హాయిగా గడిచాయి. కాళ్ళు చాపుకుని నిద్రపోయారు. గాదెన్న కూతురు గింజ, చిట్టి ప్రాణస్నేహితులయ్యారు. ఆ రెండూ ఒకే దుంపను ఆ కొసా ఈ కొసా కొరుక్కుంటూ వచ్చి, మూతులు తగలగానే పడీపడీ నవ్వేవి.

వేసవి చివర శల్యకుడు రెండో గది తవ్వడం మొదలుపెట్టాడు. పైన నల్లమట్టి. దాని కింద జానెడు మందాన తెల్లటి సన్నని ఇసుక. అందులో ఒక్క వేరు లేదు. ఇసుక కింద ఎముకలు. ఈసారి ఒక పుర్రె నిండుగా బయటపడింది. శల్యకుడు దాన్ని తిప్పి చూశాడు. ముందు పళ్ళు పొడవుగా, పసుప్పచ్చగా ఉన్నాయి. అవి తన నోట్లో ఉన్న పళ్ళే.

దాన్ని మెల్లగా పక్కన పెట్టాడు. మళ్ళీ తవ్వాడు. ఒక ముసలిదాని దవడ దొరికింది. పళ్ళు మొద్దుబారి ఉన్నాయి. దానికి ఆనుకుని ఇంకా అరగని లేతపళ్ళ దవడ. ఆ పక్కన మరీ చిన్నది. జబ్బుతోనో ముసలితనంతోనో పోయేవాళ్ళు వేరువేరు కాలాల్లో పోతారు. ముసలీ, పడుచూ, పసిపాపా ఒకే పొరలో ఉన్నారంటే ఒకే రోజున పోయినట్టు. పుర్రెలన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి. అది బొరియ నోరు ఉండే దిక్కు. బయటపడాలని వెళుతూ వెళుతూ ఆగిపోయారన్నమాట. పైనున్న ఇసుక వాగు ఇసుక.

పై గదిలో కుందనిక కమ్మగా ఎముక కొరుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. శల్యకుడు గోడ పట్టుకుని నెల రోజుల తిండీ కక్కుకున్నాడు.

తెల్లవారకముందే ఒంటరిగా రాతిగుట్ట ఎక్కాడు.

"ఆలస్యంగా వచ్చావు," అంది ఉడుము. "వాగుకు రెండు దారులు నాయనా. ఒకటి నడిచే దారి, ఒకటి ఎరిగిన దారి. మామూలు ఏళ్ళలో కట్ట అవతల నడుస్తుంది. గట్టి వాన పడ్డ ఏడు కట్ట తెంచుకుని తాను ఎరిగిన దారినే వస్తుంది. మెత్తనేల ఆ దారి. అందుకే అది మెత్తన."

"ఎన్నేళ్ళకొకసారి?"

"మా అమ్మ ఒకసారి చూసింది. నేను ఒకసారి చూశాను. నాకు ఎనమండుగురు పిల్లలు ఉండేవారు. లెక్క కట్టుకునే తీరిక నాకు లేకపోయింది."

శల్యకుడు తల వంచుకున్నాడు.

"ఇప్పుడు నేనేం చెయ్యను తాతా?"

"నా నెరియ పక్కన ఇంకో నెరియ ఉంది. ఇరుకే. నలుగురూ ముడుచుకుంటే పడతారు. ఇవాళే తీసుకొచ్చేయ్. వచ్చే ముందు ఆ ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ నిలబడి అరిచి చెప్పు. నేను చెబితే ముసలి ఏడుపన్నారు. నీ మాట వింటారు."

శల్యకుడు గుట్ట దిగి నేరుగా గాదెన్న ఇంటికి పోయాడు. సంగతంతా చెప్పాడు. గాదెన్న ఉలిక్కిపడలేదు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నెమ్మది తమ్ముడూ, నెమ్మది. మాకు తెలియదనుకున్నావా? నేను మూడో గది తవ్విననాడే తెలిసింది. పక్కవాళ్ళకూ తెలుసు."

"తెలిసి నన్ను రమ్మన్నావా?"

"మరి మేం ఎలా బయటపడాలి? ఎవడో ఒకడు వచ్చి, వాడి ఇల్లు మాకిచ్చి, మా ఇల్లు తీసుకోవాలి. ఊరికి మంచిపేరు ఉంటేనే కదా వచ్చేది! నువ్వు అరిచావనుకో, ఇక ఒక్క పురుగు రాదు. నీ పెళ్ళాం బిడ్డలూ నా పెళ్ళాం బిడ్డలూ ఇక్కడే ఉండిపోతారు. నోరు మూసుకుని నీ దారి చూసుకో. నా సంగతి నేను చూసుకుంటాను. వరద ఏటా వస్తుందా ఏమన్నా?"

పిల్లలూ, శల్యకుడి ముందు రెండు దారులున్నాయి. మొదటిది ఉడుము చెప్పిన దారి. దానికి అతను కుందనిక ఎదుట నిలబడి, "నేను మోసపోయాను. అడగవలసిన ఒక్క మాట అడగలేదు," అని చెప్పాలి. ఊరంతా వినేలా చెప్పాలి. కప్పను కూడా నమ్మని శల్యకుణ్ణి ఒక గోరింక బోల్తా కొట్టించిందని పెద్దకోన నవ్వుతుంది. దబ్బనయ్య అందరికంటే గట్టిగా నవ్వుతాడు. ఆ నవ్వు అతని చెవుల్లో అప్పుడే మోగింది.

రెండో దారి గాదెన్న చెప్పింది. దానికి ఎవరితోనూ ఏమీ చెప్పనక్కరలేదు.

శల్యకుడు ఇంటికి వచ్చి, "బుడ్డోడికి దగ్గు వస్తోంది. ఈ తేమ పడదేమో. ఎత్తుగా ఉన్న ఇంటికి మారదాం," అన్నాడు. బుడ్డోడు ఆ నెలలో రెండుసార్లు దగ్గిన మాట నిజమే. కుందనిక విసుక్కుంది గాని, బిడ్డ పేరు ఎత్తేసరికి ఒప్పుకుంది.

పలుకులయ్య మూడు రోజుల్లో ఒక జంటను పట్టుకొచ్చాడు. ఎర్రదిబ్బ మీద ఉండే ఏదుపంది ములుకయ్య, అతని భార్య రేగమ్మ. దిబ్బ మీద వాళ్ళది చిన్న ఇల్లు. రేగమ్మ వీపున అప్పుడే పుట్టిన కవలలు అంటిపెట్టుకుని ఉన్నారు. వాళ్ళ ముళ్ళు ఇంకా గట్టిపడలేదు, వెంట్రుకల్లా మెత్తగా ఉన్నాయి.

"అన్నా, చంటిబిడ్డల వాళ్ళం," అన్నాడు ములుకయ్య. "ఈ గోరింక మాట నేను నమ్మను. నువ్వు ఊరికే దేన్నీ నమ్మవని అడవంతా అంటారు. నువ్వు చెప్పు, ఎలా ఉంటుందిక్కడ?"

శల్యకుడు రేగమ్మ వీపు మీది నుంచి చూపు తిప్పుకున్నాడు.

"నేల మెత్తన," అన్నాడు.

"తిండి?"

"దుంపలకు కరువు లేదు."

"ఇబ్బందులేమన్నా ఉన్నాయా?"

"నేనున్న ఇన్నాళ్ళలో ఏమీ రాలేదు."

"మరి మీరెందుకు వెళుతున్నారన్నయ్యా?" అని రేగమ్మ అడిగింది.

"మావాడు దగ్గుతున్నాడు. ఎత్తు నేల మంచిదని."

నాలుగు జవాబుల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అలా ఏరి కూర్చడానికి అతనికి మూడు రోజులు పట్టింది. రేగమ్మ చేతులు జోడించింది. "మీ మాటే మాకు భరోసా అన్నయ్యా," అంది. కవలల్లో ఒకటి ఆవులించింది.

ఇళ్ళు మారాయి. బయలుదేరేటప్పుడు చిట్టి గింజను కావలించుకుని వదల్లేదు. "నేను రాను. గింజ లేకుండా నేను రాను," అని నేల మీద పడి దొర్లింది.

ఇంకెప్పుడూ ఇక్కడికి రాకూడదని చెప్పాలని శల్యకుడికి అనిపించింది. చెబితే ఎందుకని అడుగుతుంది. చిట్టి తన కూతురే, కారణం తేలేదాకా వదలదు. కుందనిక వింటుంది, ములుకయ్య వింటాడు.

"ఏడవకమ్మా. అప్పుడప్పుడూ వచ్చి పోదువులే," అన్నాడు.

ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది. నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. ఐదో రోజు కాస్త తెరిపిచ్చింది. ఇన్నాళ్ళూ మేత లేకపోవడంతో, పగలని కూడా చూడకుండా శల్యకుడు దుంపల కోసం దిబ్బ అవతలికి పోయి, మధ్యాహ్నానికి తడిసి ముద్దై తిరిగొచ్చాడు. గదిలో బుడ్డోడు ఒక్కడే ముడుచుకుని నిద్రపోతున్నాడు.

"చిట్టి ఏది?"

"గింజ దగ్గరికి పోయింది, తెల్లారగట్ల," అంది కుందనిక. "వాన తగ్గిందని అడిగితే సరే అన్నాను. పగలంతా అక్కడే పడుకుని పొద్దువాలాక వస్తానంది. నువ్వే అన్నావుగా, వచ్చి పోదువులే అని. ఏం? అలా చూస్తావేం?"

అంతలో ఉత్తరాన పెద్ద చప్పుడైంది. ఉరుములా మొదలైంది గాని, ఉరుములా ఆగలేదు.

శల్యకుడు పరుగెత్తాడు. ముళ్ళకంపల్లో పడి లేచాడు. ఒక గోరు ఊడింది. రాతిగుట్ట అంచుకు చేరేసరికి మెత్తనేల లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఎర్రటి నీరు సమంగా పరుచుకుని పోతోంది. అరుపులు లేవు. ఏదుపందులూ పందికొక్కులూ పగటిపూట నిద్రపోతాయి. నీరు మెలకువ తెప్పించేలోగా బొరియ నోళ్ళు నిండిపోయి ఉంటాయి. చింతచెట్టు మీద గోరింకలు వరసగా కూర్చుని రెక్కలు విదిల్చుకుంటున్నాయి.

ఉడుము అతని పక్కకు వచ్చి నిలబడింది. నీటిని చూస్తూ అడిగింది.

"ఎంతమందికి చెప్పావు?"

శల్యకుడు నీటి మీద కళ్ళతో వెతుకుతూనే ఉన్నాడు.

వెనక కుందనిక రొప్పుతూ వచ్చింది. బుడ్డోడు ఆమె వీపున వేలాడుతున్నాడు. నీటిని చూసింది. ఉడుమును చూసింది. ఉడుము మాట ఆమె విన్నది.

"ఏమిటి చెప్పేది? ఏమయ్యా, ఏమిటి చెప్పేది?"

"వాగు ఎప్పుడొస్తుందో ఎవరూ నిశ్చయంగా..."

"నీకు తెలుసా, తెలియదా?"

"తెలుసు."

కుందనిక అరవలేదు. అతన్ని కొట్టలేదు. కొడుకును వీపు మీద సర్దుకుని, ఉడుము తలతో చూపించిన పక్క నెరియలోకి వెళ్ళింది. శల్యకుడు లోపలికి వెళ్ళబోతే ఆమె ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. అతను బయటే ఉండిపోయాడు. నీరు తియ్యడానికి ఆరు రోజులు పట్టింది. ములుకయ్యగాని, రేగమ్మగాని, కవలలుగాని, గాదెన్న ఇంటివాళ్ళుగాని, చిట్టిగాని బయటికి రాలేదు.

కార్తికం నాటికి నేల ఆరింది. కొత్త ఒండ్రు పడి మునుపటికంటే మెత్తనైంది, గడ్డి మోకాలెత్తు లేచింది. శల్యకుడు మెత్తనేలకు దిగే దారిలో ఒక రాయి మీద కూర్చునేవాడు. రోజూ అక్కడే ఉండేవాడు.

ఒక సాయంత్రం పలుకులయ్య ఒక కొత్త కుటుంబాన్ని తీసుకొచ్చాడు. తండ్రి, తల్లి, ముగ్గురు పిల్లలు. చోటు లేక పెద్దకోన నుంచి వస్తున్నారు. శల్యకుడు దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"వెళ్ళకండి. ఇది వాగు దారి. అందరూ పోయారు. ఒక్కసారి కాదు, ఇంతకు ముందూ పోయారు. ఇసుక పొర కింద చూడండి, నేను చూపిస్తాను."

"పాపం," అని పలుకులయ్య గొంతు తగ్గించాడు. "కూతురు పోయింది. అప్పటి నుంచి ఇంతే. మీరు పట్టించుకోకుండా రండి."

తండ్రి ఆగాడు. అతను ఆలోచించేవాడిలా ఉన్నాడు. శల్యకుడి ముఖంలోకి పరీక్షగా చూశాడు.

"నువ్వు శల్యకుడివి కదూ? ఇక్కడ నీకూ ఇల్లుండేదట కదా?"

"ఉండేది."

"ఇది వాగు దారని నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు. అందుకే వెళ్ళిపోయాను. అందుకే చెబుతున్నాను."

"అంత నిశ్చయంగా తెలిసి ఉంటే, చంటిబిడ్డలున్న ములుకయ్యకు ఆ ఇల్లు ఎలా ఇచ్చావు? తెలిసినవాడెవడూ అంత పని చెయ్యడే!"

శల్యకుడు నోరు తెరిచాడు. ఆ తండ్రి మర్యాదగా కాసేపు ఆగాడు. పిల్లలు కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు.

"పద," అన్నాడు ఆ తండ్రి భార్యతో. వాళ్ళు ఒకరి వెనక ఒకరు రాయి పక్క నుంచి తప్పుకుని పల్లంలోకి దిగిపోయారు. కాసేపటికి కింద నుంచి మెత్తటి మట్టిలో గోళ్ళు దిగుతున్న చప్పుడు వినిపించింది. చింతచెట్టు మీది గోరింకలన్నీ ఒక్కసారిగా అటు ఎగిరాయి.

నీతి: తెలిసిన ముప్పును పరాయివాడి దగ్గర దాచినవాడు దాన్ని తనవాళ్ళ దగ్గరా దాచక తప్పదు, ఆ తరవాత అతను చెప్పే నిజానికి విలువ ఉండదు.